రెండేళ్లకు నిధులున్నాయి. మూడో ఏడు ఎవరు చూస్తారు?

కొత్తపలక

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదవడమే తప్ప ఇక్కడ ఏమీ రాయలేదు. మేం ఎనిమిది మందిమి కలిసి ఒక చిన్న ట్రస్టు నడుపుతున్నాం. ఇన్నాళ్లూ పిల్లల ఫీజులు కట్టడం, ఎవరికైనా జబ్బు చేస్తే సాయం చేయడం లాంటివే. ఇప్పుడు సుమారు మూడు వందల కుటుంబాలున్న ఒక బస్తీలో పని చేయడానికి ఒక దాత రెండేళ్లకు సరిపడా నిధులు ఇస్తామన్నారు. వాళ్ల షరతు ఒకటే. పథకాన్ని అక్కడి జనమే నడపాలి, మేం వచ్చేశాక కూడా అది నిలవాలి.

నేను వేసుకున్న ప్లాన్ ఇది. పదకొండు మందితో కమిటీ, అందులో ఆరుగురు ఆడవాళ్లు. నెలకోసారి సమావేశం. ముందు ఒక సర్వే, తర్వాత కుట్టు శిక్షణ, చిన్న అప్పుల కోసం ఒక నిధి, ఒక మంచినీటి ప్లాంటు. చివరి ఆరు నెలల్లో అన్నీ కమిటీకి అప్పగించి తప్పుకుంటాం.

ఎక్కడ పొరపాటుందో చెప్పండి. మొహమాటం వద్దు.

పాతచెప్పులు

వద్దన్నారు కాబట్టి సూటిగానే చెబుతా. "చివరి ఆరు నెలల్లో అప్పగిస్తాం" అనే వాక్యం నాకు బాగా పాత చుట్టం. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. కనీసం నాలుగు ప్రాజెక్టు రిపోర్టుల్లో ఆ ముక్క నా చేత్తో నేనే రాశాను. నాలుగింటిలో ఒక్కచోటా అప్పగింత సరిగ్గా జరగలేదు.

ఏడాదిన్నర పాటు బిల్లులు మీరే కట్టి, సామాను మీరే కొని, గొడవలు మీరే తీర్చి, ఆఖర్న పుస్తకాలు తెచ్చి చేతిలో పెడితే ఎవరు నడుపుతారండీ? ఒకచోట మేం వచ్చేసిన ఐదో నెలలో వెళ్లి చూస్తే, కుట్టు మిషన్లన్నీ కమిటీ అధ్యక్షురాలి ఇంట్లో గోడవారగా ఉన్నాయి, పైన దుప్పట్లు కప్పి. ఆవిడ దొంగ కాదు. "మీ వస్తువులు కదా సార్, పాడవకుండా జాగ్రత్త చేశాను" అంది. రెండేళ్లు కలిసి పనిచేశాక కూడా అవి ఆవిడకు మా వస్తువులే. ఆ రోజు నాకు నోట మాట రాలేదు.

ముందు ఒక్కటి చెప్పండి. కుట్టు శిక్షణ, నీటి ప్లాంటు కావాలని ఎవరు అనుకున్నారు?

కొత్తపలక

నిజం చెప్పాలంటే మేమే. ప్రతిపాదన పంపడానికి పది రోజులే టైం ఉంది. బస్తీలో ఒక మీటింగ్ పెట్టాం. అరవై మంది దాకా వచ్చారు. అడిగితే అందరూ బాగుందన్నారు.

సందేహి

ఏదో ఇస్తామని వచ్చినవాళ్ల మొహాన బాగాలేదని ఎవరంటారు?

అసలు నాకు ఈ "జనమే నడపాలి" అనే మాట మీదే అనుమానం. పొద్దంతా కూలిపని చేసి వచ్చిన మనిషిని రాత్రి కమిటీ మీటింగ్‌లో కూర్చోబెట్టి, తీర్మానాలు రాయించి, చందాలు పోగుచేయించి, దానికి సాధికారత అని పేరు పెడతాం. బాగా బతికేవాళ్ల వీధిలో డ్రైనేజీకి కమిటీ వేయడం మీరెవరైనా చూశారా? వాళ్లకు పన్నులు తీసుకునేవాళ్లు చేసిపెడతారు. పేదవాడికి మాత్రం నీ పని నువ్వే చేసుకో, అదే నీకు గౌరవం అంటాం.

బోరింగుమెకానిక్

సందేహి గారి కోపంలో న్యాయం ఉంది. కానీ దానికి కరాచీలో ఒక జవాబు దొరికింది. ఒరంగీ అనే పెద్ద అనధికార బస్తీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే సామాజిక కార్యకర్త ఒక పని మొదలుపెట్టారు. అక్కడ మురుగు కాలువలు లేవు. ప్రభుత్వం వేసే వరకు ఆగాలా, అంతా జనం నెత్తినే వేయాలా అన్న దగ్గర వాళ్లు పనిని రెండుగా విడగొట్టారు. ఇంట్లో మరుగుదొడ్డి, సందులో పైపు, సందులను కలిపే చిన్న లైను, ఇవన్నీ జనం సొంత డబ్బుతో వేసుకుంటారు. పెద్ద లైన్లు, శుద్ధి చేసే ప్లాంటు ప్రభుత్వం బాధ్యత. కాబట్టి "నీ పని నువ్వే చేసుకో" అని ఎవరూ చేతులు దులుపుకోవడానికి లేదు. ఇంకా చెప్పాలంటే, సందు లైను వేసుకున్నవాళ్లు పెద్ద లైను ఏదీ అని గట్టిగా అడగగలరు.

నాకు ముఖ్యంగా నచ్చింది వాళ్లు ఎంచుకున్న సైజు. బస్తీ మొత్తాన్ని ఒకటిగా తీసుకోలేదు. సందును తీసుకున్నారు, ఇరవై నుంచి నలభై ఇళ్లు. ప్రతి సందూ తన మనిషిని తనే ఎన్నుకుంది, అతనే డబ్బు పోగుచేశాడు. ప్రాజెక్టు వాళ్లు పైసా ఇవ్వలేదు. కొలతలు, డిజైను, పనిముట్లు, సలహా మాత్రం ఇచ్చారు. డిజైను సులువు చేసి, మధ్యలో కాంట్రాక్టర్‌ను తీసేయడంతో ఖర్చు అధికారుల అంచనాలో చిన్న భాగానికి దిగింది.

కొత్తపలక గారూ, మీ మూడు వందల కుటుంబాలు ఒకే సముదాయం అని ఎవరు చెప్పారు? మ్యాపులో గీత గీసింది మీరు. ఒక పైపు పగిలితే కలిసి ఇబ్బంది పడేవాళ్లు ఎవరో చూడండి, అసలు సముదాయం అక్కడుంటుంది.

ఇక నీటి ప్లాంటు మాట. నేను పంపులు బాగుచేసి బతికినవాణ్ణి. సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికా దేశాల్లో చేతిపంపుల మీద 2009 ప్రాంతంలో వేసిన అంచనాల ప్రకారం, ఎప్పుడు చూసినా మూడింట ఒక వంతు పనిచేయకుండానే ఉండేవి. చాలాచోట్ల పోయేది ఏదో చిన్న భాగమే. అది ఎక్కడ దొరుకుతుంది, ఎవరు కొంటారు, ఎవరు బిగిస్తారు అన్నది ఎవరికీ తెలియదు. మీ ప్లాంటుకు ఫిల్టర్ మార్చే ఖర్చు మూడో ఏట ఎవరి జేబులోంచి వస్తుందో కాగితం మీద రాసి ఉందా? లేకపోతే ప్లాంటు వద్దు.

లెక్కలపిచ్చి

ఈ విషయం మీద పరిశోధనలు బోలెడు ఉన్నాయి, రెండు వైపులా. నాకు తెలిసినవి చెబుతా, కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

సియెర్రా లియోన్‌లో యుద్ధం ముగిశాక 2005 నుంచి 2009 దాకా గోబిఫో అని ఒక పథకం నడిచింది. మీ ప్లాన్‌కు పెద్దన్న అనుకోండి. ఊరి కమిటీలు, గ్రాంట్లు, ఆడవాళ్లు, యువకులు తప్పకుండా ఉండాలనే షరతులు, దానికి తోడు నెలల తరబడి దగ్గరుండి నడిపించే సిబ్బంది. 236 ఊళ్లు తీసుకుని లాటరీ వేసి, సగం ఊళ్లలో పథకం పెట్టి, సగం ఊళ్లలో పెట్టకుండా పోల్చి చూశారు. కట్టడాలు వచ్చాయి, చిన్న వ్యాపారాలు కాస్త పుంజుకున్నాయి. అంతవరకు పథకం గెలిచింది. కానీ పథకంతో సంబంధం లేని ఊరి నిర్ణయాల్లో ఆడవాళ్ల మాటకు, కుర్రాళ్ల మాటకు విలువ పెరగలేదు. అక్కడ పాత పెద్దలే పెద్దలు. కమిటీలో ఆరు కుర్చీలు రాసిపెట్టినంత మాత్రాన పెత్తనం చేతులు మారదని దాని అర్థం.

రెండోది ఇండోనేషియా. 608 ఊళ్లలో రోడ్లు వేస్తుంటే బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త, డబ్బు ఎంత మాయమవుతోందో కొలిచాడు. ఇంజనీర్లు రోడ్డు తవ్వి, రాయి ఎంత పోశారో చూసి, లెక్కల పుస్తకంతో పోల్చారు. "పైనుంచి ఆడిట్ తప్పకుండా వస్తుంది" అని ముందే చెప్పిన ఊళ్లలో లెక్క తేలని ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. జనాన్ని మీటింగులకు ఎక్కువగా పిలిచి, లెక్కలు అడగమన్న ఊళ్లలో సగటున పెద్ద తేడా రాలేదు. ఇందులోనే ఇంకో ముక్క ఉంది, నాకు అదే ఆసక్తి. మీటింగుల వల్ల కూలి డబ్బులో దొంగతనం తగ్గింది, సామాను కొనుగోలులో తగ్గలేదు. కూలి తగ్గితే ఎవరి కూలి తగ్గిందో వాళ్లకు తెలుస్తుంది. కంకర తగ్గితే ఎవరికీ కడుపు మండదు.

మూడోది కూడా ఇండోనేషియాదే, 640 చోట్ల చేసింది. పేదలు ఎవరో ఆస్తుల లెక్కతో తేల్చడం మంచిదా, జనం కూర్చుని తేల్చడం మంచిదా అని. రూపాయల లెక్క చూస్తే జనం తయారుచేసిన జాబితా కొంచెం వెనకబడింది. కానీ జనానికి ఆ జాబితా మీదే ఎక్కువ తృప్తి. ఊరి పెద్దలు తమవాళ్ల పేర్లు దూర్చేస్తారనుకున్నది పెద్దగా కనిపించలేదు.

కాబట్టి "జనమే నడపాలి" అన్నది అవునా కాదా అని అడిగితే జవాబు రాదు. ఎవరు పేదలో వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. సిమెంటు బిల్లు తనిఖీ చేయడానికి బయటివాడు ఉండాలి.

అడ్డదారి

ఇంత చర్చ ఎందుకు? ఉన్న డబ్బును మూడు వందల కుటుంబాలకు సమానంగా పంచేయండి. కమిటీ వద్దు, ప్లాంటు వద్దు, జీతాలు వద్దు. ఏం కావాలో వాళ్లకు తెలుసు కదా.

లెక్కలపిచ్చి

నవ్వి కొట్టిపారేసే మాట కాదిది. కెన్యాలో నేరుగా డబ్బిచ్చి చూసిన అధ్యయనంలో ఇళ్లలో ఆస్తులు పెరిగాయి, తాగుడు పెరగలేదు. "డబ్బిస్తే తాగేస్తారు" అనే భయానికి ఆధారం దొరకలేదు. నా లెక్కలో, ఏ పథకమైనా "ఇదే డబ్బు నేరుగా ఇస్తే వచ్చే మేలు కన్నా నేను ఎక్కువ చేస్తున్నానా" అని తనను తాను అడగాలి. చాలా పథకాలు ఆ పరీక్ష తప్పుతాయి.

నిలకడ సంగతి అడిగితే మాత్రం బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల పద్ధతి చూడాలి. చిన్న అప్పులు అట్టడుగున ఉన్నవాళ్లకు చేరడం లేదని గమనించి 2002లో బంగ్లాదేశ్‌లో మొదలుపెట్టారు. ఒక ఆస్తి (పశువో, చిన్న వ్యాపారానికి సరుకో), కొన్నాళ్లు తిండి ఖర్చు, శిక్షణ, పొదుపు, వైద్యం, తరచూ ఇంటికి వచ్చి పలకరించే మనిషి. అన్నీ కలిపి రెండేళ్లు. ఇథియోపియా, ఘనా, హోండురాస్, భారత్, పాకిస్థాన్, పెరూ, ఈ ఆరు దేశాల్లో పదివేలకు పైగా మంది మీద పరీక్షించిన ఫలితాలు 2015లో వచ్చాయి. పథకం అయిపోయిన ఏడాదికి కూడా తేడా నిలిచింది. పశ్చిమ బెంగాల్లో పదేళ్ల తర్వాత చూసినా నిలిచే ఉంది. ఒక్క హోండురాస్‌లో ఆస్తి పెరగలేదు, ఇచ్చిన కోళ్లలో చాలా భాగం జబ్బుతో చచ్చిపోయాయి.

సందేహి

ఆగండాగండి. బ్రాక్ పథకంలో జనం నడిపింది ఏముంది? పేదలు ఎవరో గుర్తించడంలో ఊరివాళ్లు పాలుపంచుకున్నారు, అంతే. ఏం ఇవ్వాలి, ఎన్నాళ్లు ఇవ్వాలి అంతా పైనుంచే వచ్చింది. అయినా పదేళ్లు నిలిచింది. గోబిఫోలో అంతా జనం చేతికిచ్చారు, పెత్తనం మారలేదు. మీ లెక్కలే నా మాటను బలపరుస్తున్నాయి కదా?

లెక్కలపిచ్చి

ఒప్పుకుంటున్నా, అది నా పోస్టులో కన్నం. ఒక కుటుంబం కుదుటపడటం వేరు, ఒక బస్తీ తన పనులు తాను చూసుకోగలగడం వేరు. రెండింటినీ ఒకే మూటలో కట్టేశాను.

మూడుతాళాలు

మీ అందరి లెక్కలూ చదివాను. నేను చదువుకున్నది తక్కువ. ఒక పొదుపు బృందంలో ఆరేళ్లు కోశాధికారిగా చేశాను, ఆ అనుభవంతో రాస్తున్నా. తప్పుంటే చెప్పండి.

నైజర్ దేశంలో 1991లో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టిన పొదుపు గుంపుల పద్ధతి గురించి మాకు ఒక శిక్షణలో చెప్పారు. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు, ఒక ఇనుప పెట్టె, దానికి మూడు తాళాలు. తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె నాలుగో మనిషి దగ్గర. అందరూ కూర్చుంటేనే పెట్టె తెరుచుకుంటుంది. బయటి డబ్బు ఒక్క పైసా ఉండదు. ఏడాది చివర లెక్క చూసుకుని మొత్తం పంచేసుకుంటారు, ఇష్టమైతే మళ్లీ మొదలుపెడతారు. నా పేరు అక్కడిదే. పంచుకోవడం ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు, పెరిగే డబ్బును ఆపడం దేనికి అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఏడాదికోసారి పెట్టె ఖాళీ అయితే తప్పుడు లెక్క ఏడాదికి మించి బతకదు.

మా బృందంలో జరిగింది చెబుతాను. వారం వారం ఎంత కట్టాలో మొదటి మీటింగ్‌లో తీర్మానం చేశాం. అందరూ సరేనన్నారు. మా పక్క సందులో ఒకామె చేరలేదు. పిలిస్తే నవ్వి ఊరుకునేది. బద్ధకం అనుకున్నాం, కొందరు పొగరు అన్నారు. మూడేళ్ల తర్వాత ఒకసారి ఆసుపత్రిలో కలిస్తే చెప్పింది, వారం వారం అంత మొత్తం కట్టడం తన వల్ల కాదట. అందరి ముందు సగమే కడతానని అనడానికి సిగ్గుపడిందట. ఆ మొత్తం పెట్టింది ఎవరు? కట్టగలిగినవాళ్లం మేమే. ఎవరి కోసం పథకమో ఆ మనిషి మీటింగ్‌లోనే లేదు, లేదన్న సంగతి మాకు తెలియను కూడా తెలియదు.

కొత్తపలక గారూ, మీ మీటింగ్‌కు వచ్చిన అరవై మందిని వదిలేయండి. రాని ఇళ్లు ఏవో రాసుకుని, ఒక్కో ఇంటికి వెళ్లండి. ఫోటోలు తీసే మనిషి లేకుండా.

ఇంకొకటి. లెక్కలు నోటీసు బోర్డు మీద అంటిస్తే సరిపోదు. నేను ప్రతి మీటింగ్‌లో పైకి చదివేదాన్ని, ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత తీసుకున్నారు, పెట్టెలో ఎంత ఉంది అని. చదవడం రానివాళ్లకు మొత్తాలు నోటికి వచ్చేవి. ఒకసారి నేను కూడికలో తప్పు చేస్తే పట్టుకుంది సంతకం పెట్టడం రాని పెద్దామె.

పాతచెప్పులు

అమ్మా, చదువు తక్కువ అని మళ్లీ అనకండి. మీ పోస్టు ప్రింటు తీసి దగ్గర పెట్టుకుంటున్నా.

నా మాట ఒకటి కలుపుతాను. బయటివాళ్లం ఏం చేయాలి, జనం ఏం చేయాలి అన్నది పనులవారీగా పంచుకుంటే సందేహి గారికీ, లెక్కలపిచ్చి గారికీ గొడవ ఉండదు. కానీ ఒక్క అధికారం మాత్రం మొదటి రోజు నుంచీ జనం చేతిలో ఉండాలి, కాదనే అధికారం. మీ కమిటీ "మాకు ప్లాంటు వద్దు, ఆ డబ్బు ఇంకోదానికి పెడతాం" అంటే మీరు ఏం చేస్తారు? దాతకు ఇచ్చిన పత్రంలో ప్లాంటు రాసేశాం కాబట్టి కుదరదంటే, ఇక ఆ కమిటీ సంతకాలు పెట్టడానికే. జనం ఈ సంగతి రెండో మీటింగ్‌కే కనిపెడతారు. ఆ తర్వాత వస్తే టిఫిన్ కోసమే వస్తారు.

డబ్బు కూడా మొదట్లోనే చేతికివ్వండి. మొదటి మూడు నెలల్లోనే చిన్న మొత్తం వాళ్ల ఖాతాలో వేసి, వాళ్లనే ఖర్చు చేయనివ్వండి. తప్పులు చేయనివ్వండి, మీరు పక్కన ఉన్నప్పుడే. ఇరవయ్యో నెలలో చేసే మొదటి తప్పును దిద్దడానికి మీరుండరు.

బోరింగుమెకానిక్

తప్పు చేస్తే ఏం చేయాలో కూడా వాళ్లనే ముందు రాసుకోమనండి. మొదటిసారికి మందలింపు, రెండోసారికి చిన్న జరిమానా, అలా మెల్లగా. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ తీసుకున్న ఎలినార్ ఓస్ట్రమ్ ఏళ్ల తరబడి నిలిచిన ఉమ్మడి చెరువులు, అడవులు, చేపల రేవులు చూసి తేల్చినవాటిలో ఇదీ ఒకటి. మొదటి తప్పుకే బహిష్కరిస్తామంటే ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చేయరు.

కొత్తపలక

పన్నెండు రోజులైంది, మన్నించండి. తిరుగుతూ ఉన్నాను.

మీటింగ్‌కు రాని ఇళ్లు రెండు వందల నలభైకి పైగా తేలాయి. ఇప్పటికి డెబ్భై ఒక్క ఇళ్లకు వెళ్లాను. కుట్టు శిక్షణ కావాలన్నవాళ్లు నలుగురు. నీళ్ల గురించి అనుకున్నంత బాధ లేదు. దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపించింది ఒకటే, పని దొరకని నెలల్లో చేసే అప్పు. మిగతా ఏడాదంతా సంపాదించింది ఆ వడ్డీకే పోతోంది. ఇది మా సర్వే ఫారంలో లేదు. "నెల ఆదాయం ఎంత" అని ఒకే గడి పెట్టాం. ఏ నెల ఆదాయం అని ఒకాయన అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

సందులవారీగా కూర్చోబెట్టాం, మొత్తం పద్నాలుగు సందులు. రెండు సందులవాళ్లు పెట్టె పెట్టుకుంటామన్నారు. ఒక సందులో, వారం ఎంత కట్టాలన్నది చీటీల మీద పేరు లేకుండా రాసి వేయించాం, చదవడం రానివాళ్లు గీతలు గీశారు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె తీసుకున్నారు. మూడుతాళాలు గారూ, అది మీ పక్క సందు ఆమె పుణ్యమే. మూడో తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీద రెండు గంటలు కొట్లాడుకున్నారు, ఇంకా తేలలేదు.

దాతకు ఉత్తరం రాశాను. ప్లాంటు తీసేసి, ఆ మొత్తాన్ని "సందుల నిర్ణయం మేరకు" అనే పద్దు కింద పెట్టమన్నాను. ఆడిట్ మాత్రం బయటివాళ్లతోనే చేయిస్తామని రాశాను. వాళ్లు ఫోన్ చేసి ఎంతమంది లబ్ధిదారులని అడిగారు. మొదటి ఏడాది చెప్పలేనన్నాను. అవతల కాసేపు మౌనం. బోర్డు మీటింగ్ వచ్చే నెల మొదటి వారంలో.

సందేహి

వాళ్లు ఒప్పుకోకపోతే?

కొత్తపలక

రెండు పెట్టెలకు దాత డబ్బు అవసరం లేదు కదండీ. అవి ఎలాగూ మొదలవుతాయి. మిగతాది తెలియదు.

మూడుతాళాలు

తాళంచెవి సంగతి తేలాక చెప్పండి. మాకైతే నెల పట్టింది.